నాణెమునకు నాణ్యము

తెలుగున నాణెమనిన చెలామణి యగు లోహపు బిళ్ళ. నాణెమనిన మేలిమి యను అర్థము కూడ కలదు. 'నాణెమైన బియ్యము', 'నాణెమైన నేత' అని పెద్దలు వాడుదురు. పూర్వము సంతలలో కూర్చుండు షరాబు ఈ రెండర్థములను ఒక్కచోట చేర్చి చూచెడివాడు. రూపాయి చేతికి రాగానే దానిని రాతిపై వేసి మ్రోత వినెడివాడు. అంచును వ్రేలితో తడవి చూచెడివాడు. అనుమానము తోచినచో త్రాసున వేసెడివాడు. అది వెండియా, కాదా. తూకమునకు సరియా, కాదా అనునంతవరకే అతని విచారణ.

ఆ వెండి రూపాయలు నేడు చెలామణిలో లేవు. వానిని సేకరించువారు మాత్రము దేశమంతట కలరు. వారి విచారణ షరాబు విచారణకంటె సూక్ష్మమైనది. ఈ నాణెము టంకశాలనుండి వెలువడిననాడు ఎట్లుండెను? నేడు ఎట్లున్నది? ఈ రెంటికి నడుమ ఏమి పోయినది? ఈ మూడు ప్రశ్నలకు చెప్పు సమాధానమే నాణెపు స్థితి నిర్ణయము. ఇది కంటితో నేర్వవలసిన విద్య. అయినను కన్ను నేర్చిన మాత్రమున ఇది పూర్తి కాదు. కన్ను చూచినదానిని నోరు ఉన్నదున్నట్లు చెప్పవలెను. ఈ రెండవ భాగమే కష్టమైనది.

మొదట తెలిసికొనవలసినది ఒకటి కలదు. నాణెపు ప్రాచీనత వేరు, అరుదుదనము వేరు, స్థితి వేరు. జగిత్యాల జిల్లాలోని కోటిలింగాలలో దొరకిన శాతవాహనుల నాణెములతో పోల్చినచో విక్టోరియా రాణి రూపాయి నిన్నటిది. అయినను, పాతదగుట వలన మాత్రమే ఏ నాణెమునకును గొప్ప స్థితి కలుగదు. నాణెముపై నున్న యేడు కూడ ఒక్కొక్కప్పుడు మోసగించును. 1862 అని యున్న విక్టోరియా రూపాయలన్నియు ఆ యేట ముద్రింపబడినవి కావు. ఆ పిమ్మట పెక్కేండ్లు టంకశాలలు అదే అంకెతో రూపాయలను ముద్రించినవి.

అరుదుదనము మరియొక లెక్క. ఆరవ జార్జి రాజు కాలపు 1939 నాటి వెండి రూపాయి మిక్కిలి అరుదు. అది అరిగియున్నను సేకర్తలు వెదకుదురు. 1918 నాటి రూపాయి అట్లు కాదు. మొదటి ప్రపంచ యుద్ధకాలమున వెండికి కొరత కలిగినపుడు అమెరికా ప్రభుత్వము 1918లో పిట్‌మన్ చట్టమను పేర ఒక చట్టము చేసి, 25 కోట్లకు మించిన వెండి డాలర్లను కరగించి, ఆ వెండిని భారతదేశపు నాణెములకై అమ్మినది. ఆ కాలమున రూపాయలు కోట్లకొలది ముద్రింపబడెను. అందుచేత బాగుగ అరిగిన 1918 రూపాయికి దానియందలి వెండికి మించిన వెల యంతగా రాదు. అదే రూపాయి అరుగుదల యెరుగక, టంకశాల నిగ్గుతో నిలిచియున్నచో సేకర్త దానిని ఆదరముతో అందుకొనును. రెండును ఒకే యేటివి, ఒకే లోహము, ఒకే తూకము. భేదమంతయు స్థితియందే యున్నది.

ఈ భేదము ఎట్లు కలుగునో తెలియుటకు రూపాయి గడపిన జీవితమును తలచుకొనవలెను. 1835లో వచ్చిన చట్టము ప్రకారము రూపాయి తూకము 180 గ్రెయిన్లు. అది ఒక తులము, అనగా దాదాపు 11.66 గ్రాములు. దానియందు 12 పాళ్ళకు 11 పాళ్ళు వెండి. 1940లో వెండిని సగమునకు తగ్గించువరకు ఈ మేలిమియే సాగినది. వెండి మెత్తని లోహము. రైతు మొలలోని సంచిలో ఒక రూపాయి వేరొక రూపాయితో ఒరసికొనును. వర్తకుని గల్లాపెట్టెలో దొర్లును. చేతినుండి చేతికి పోవునపుడెల్ల ప్రతి బొటనవ్రేలును దానిని ఒకసారి రాచును. గుడి మెట్టు ఒక్క పాదము వలన అరుగదు. వేల పాదముల వలన నడిమిభాగము పల్లమగును. రూపాయి కూడ అట్లే. అందును ముందుగా అరుగునది మిట్టగానున్న భాగము. బొమ్మవైపున రాజు చెవి, చెవి మీది వెండ్రుకలు, కిరీటపు పట్టెడలోని రత్నములు, భుజముపై దుస్తుల నగిషీ మొదట నునుపెక్కును. బొరుసువైపున పూలతీవెల వలయములోని రేకులు అణగిపోవును. పల్లమున నున్న అక్షరములు చివరవరకు నిలుచును.

నాణెమును పరీక్షింపదలచినవాడు మొదట బల్లపై మెత్తని గుడ్డ పరచును. చేయి జారినను నాణెమునకు దెబ్బ తగులరాదు. చేతులు కడిగి, తుడుచుకొని, బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ అంచులను మాత్రమే పట్టుకొనును. వ్రేళ్ళయందలి చెమటయు జిడ్డును వెండికి అంటి, కొంతకాలమునకు చెరగని మచ్చ లగును. దీపము ఒక్కటియే యుండుట మంచిది. మొదటనే భూతద్దము పట్టరాదు. అట్లు పట్టినవాడు ఒక చిన్న గీతను చూచి బెదరి, తక్కిన నాణెమును చూడ మరచును. ముందు కంటితో మొత్తమును చూచి, తరువాత అద్దముతో ఒక్కొక్క భాగమును పరీక్షింపవలెను. బొమ్మను, బొరుసును, అంచును మూడింటిని చూచిన గాని చూచినట్లు కాదు.

అటుపిమ్మట నాణెమును దీపమునకెదురుగా మెల్లగా వంచి త్రిప్పవలెను. టంకశాలలో అచ్చు పడినపుడు ఆ ఒత్తిడికి లోహము నడిమినుండి అంచులవైపు ప్రాకును. అట్లు ప్రాకిన జాడలు కంటికానని సన్నని గీతలై నాణెముపై నిలుచును. అందువలన క్రొత్త నాణెమును త్రిప్పినపుడు వెలుగు బండిచక్రపు ఆకులవలె గిరగిర తిరుగును. దీనినే నిగ్గు అందురు. అరుగుదల మొదట హరించునది ఈ నిగ్గునే. తోమిన నాణెము కూడ మెరయును గాని, దాని మెరుపు కదలదు. ఎటు త్రిప్పినను ఒకేచోట తెల్లగా నిలిచియుండును. ఈ రెండు మెరుపులకు గల భేదమును గుర్తింపగలిగిననాడు సేకర్త మొదటి మెట్టు ఎక్కినట్లు.

స్థితులకు సేకర్తలు ఒక నిచ్చెన కల్పించుకొనిరి. దాని మెట్ల పేర్లు ఇంగ్లీషువి. మన దేశపు సేకర్తలును వానినే వాడుదురు. ఆ పేర్లను నిఘంటువు చూచి అర్థము చేసికొన్నవాడు మోసపోవును. 'గుడ్' అనగా మంచిది గదా యని అనుకొందురు. నాణెముల లోకమున 'గుడ్' అనునది నిచ్చెనకు అడుగున నున్న మెట్టు. దాని క్రింద 'ఫెయిర్', 'పూర్' అనునవి మాత్రము కలవు. 'ఫైన్' అనునది నడిమి మెట్టు. ఇంత మంచి పేర్లు ఇంత క్రింది మెట్లకు దొరకుట చూడగా, పేర్లు పెట్టినవారిలో అమ్మువారే ఎక్కువగా నుండిరేమో యని నవ్వు వచ్చును.

అయిదవ జార్జి రాజు రూపాయిని తీసికొని ఈ మెట్లను చూతము. రాజు వంటి రూపురేఖ మాత్రము మిగిలి, లోపలి పని యంతయు నునుపైపోయి, అక్షరములు చదువుటకు వీలైనచో అది 'గుడ్'. కిరీటపు గీతలును దుస్తుల నగిషీయు సగము వరకు తెలియుచున్నచో 'ఫైన్'. నగిషీ చాలవరకు స్పష్టమై, మిట్టలు మాత్రము చదునైనచో 'వెరీ ఫైన్'. అన్నియు స్పష్టముగా నుండి, మిక్కిలి ఎత్తైన చోట్ల మాత్రము కొలది రాపిడి కానవచ్చుచు, పల్లములలో నిగ్గు దాగియున్నచో 'ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్'. వెదకి వెదకి చూచిన గాని రాపిడి తెలియనిచో 'అబౌట్ అన్‌సర్క్యులేటెడ్'. అరుగుదల బొత్తిగా లేనిచో 'అన్‌సర్క్యులేటెడ్', అనగా చెలామణి యెరుగనిది.

ఈ రూపాయియందు పరీక్షకు అనువైన చిన్న గుర్తు ఒకటి కలదు. రాజు దుస్తులపై గల గొలుసున ఒక చిన్న ఏనుగు బొమ్మ యున్నది. 1911లో వచ్చిన రూపాయలపై ఆ ఏనుగు తొండము పొట్టిగా నుండుటచే అది పందివలె నున్నదని ప్రజలు ఆక్షేపించిరి. 1912లో ఆ బొమ్మను దిద్దిరి. అందుచేత 1911 రూపాయికి సేకర్తలలో ప్రత్యేకమైన ఆదరము కలదు. ఏనుగు వీపు మిట్టగా నుండుటచే అరుగుదల అచ్చట త్వరగా తెలియును.

హైదరాబాదు టంకశాల వెలువరించిన చార్మినారు రూపాయిపైనను ఇట్టి గుర్తు కలదు. చార్మినారు ద్వారము నడుమ ఒక చిన్న ఉర్దూ అక్షరము కనబడును. మీర్ మహబూబ్ అలీఖాన్ కాలపు నాణెములపై అది 'మీమ్'. మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలపు నాణెములపై 'ఐన్'. మీనారుల గీతలును ఈ అక్షరమును ఎంతవరకు నిలిచినవో చూచి ఆ రూపాయి స్థితిని చెప్పుదురు.

అయితే గీత లేని చోటనెల్ల గీత అరిగిపోయినదని తలచుట తొందరపాటు. ఆ గీత మొదటినుండియు పడకపోయి యుండవచ్చును. అచ్చు పాతబడినను, దెబ్బ చాలకపోయినను నాణెముపై బొమ్మ పూర్తిగా లేవదు. యంత్రములు రాకముందు ఈ లోపము మరియు ఎక్కువ. ఆ కాలమున పనివాడు క్రింది అచ్చుపై వెండిబిళ్ళ నుంచి, పై అచ్చును చేత నిలిపి, సుత్తితో కొట్టెడివాడు. అచ్చు పెద్దది, బిళ్ళ చిన్నది యగుటచే వ్రాతలో కొంతభాగము బిళ్ళ వెలుపలికి పోయెడిది. మొగలాయి రూపాయలలోను, నిజాముల పాత రూపాయలలోను ఇట్టివి పెక్కు కలవు. వానిని చూచి 'సగము వ్రాత అరిగినది' యనుట అన్యాయము. పుట్టుకతో వచ్చిన కొరతను నడవడిలోని దోషముగా ఎంచరాదు.

ఈ రెంటిని వేరుచేయుటకు ఉపాయము కలదు. అరిగిన చోట లోహము నున్నగా, బూడిదవన్నెతో, నిగ్గు తెగి యుండును. దెబ్బ చాలని చోట బొమ్మ లేకున్నను, అచటి లోహము చుట్టుప్రక్కల లోహమువలెనే యుండును. నిగ్గు దానిమీదుగా ఆగక సాగిపోవును. అట్లే చెలామణికి పోని నాణెముపైనను చిన్న చిన్న గాట్లు ఉండవచ్చును. టంకశాలలో వేలకొలది నాణెములను ఒకే సంచిలో పోసినపుడు ఒకదాని అంచు మరియొకదానికి తగులును. అవి గాట్లే కాని అరుగుదల కాదు. నిర్ణయించువాడు దేనిని దాని పేరుతోనే చెప్పవలెను.

అరుగుదల కాలము చేసిన పని. గాయములు మనుష్యులు చేసినవి. షరాబులు వెండిని పరీక్షించుటకై కొట్టిన చిన్న గుర్తులు పాత రూపాయలపై కానవచ్చును. తెలుగింటి ఆడువారు నాణెములను దండలుగా గ్రుచ్చి మెడలో ధరించిరి. కాసులపేరు అను ఆభరణము అట్టి వాడుక నుండియే వచ్చినది. అట్లు ధరించిన నాణెమునకు తలపై రంధ్రమైన నుండును, కొక్కెము అతికిన మచ్చయైన నుండును. ఆ కొక్కెమును తీసివేసి, మచ్చను రాచి, నాణెమును అమ్మువారు కలరు. అంచును త్రిప్పి చూచిన గాని ఆ మోసము బయటపడదు.

అన్నింటికంటె పెద్ద గాయము శుభ్రపరచుట వలన కలుగును. గాలియందలి గంధకపు అంశము సోకి వెండిపై కాలక్రమమున ఒక పొర యేర్పడును. అది మొదట పసుపు వన్నె, తరువాత గోధుమవన్నె, నీలము, చివరకు నలుపు అగును. ఎరుగనివారు దానిని మురికి యందురు. సేకర్తకు అది నాణెము తన కాలమును శాంతముగా గడపినదనుటకు సాక్ష్యము. చింతపండులోని పులుపు ఆ పొరను తినివేయును. బూడిదతో తోమినచో నాణెముపై వెండ్రుకలవంటి గీతలు వేనవేలు పడును. ఒక్క నిమిషమున పోయిన ఆ నిగ్గును ఏ పనివాడును మరల తేలేడు. మెత్తని ప్లాస్టిక్ సంచులలో కొన్ని వెండికి ఆకుపచ్చని జిగురు అంటించును గనుక వానిలో నాణెములను చాలకాలము దాచుటయు మంచిది కాదు.

నేలలో దొరకిన నాణెముల విషయమున ఇంకను జాగ్రత్త కావలెను. సీసపు నాణెముపై తెల్లని పెచ్చు కట్టును. రాగి నాణెమునకు పచ్చని త్రుప్పు పట్టును. ఆ పెచ్చును గోటితో గీకినచో దానితోకూడ బొమ్మయు ఊడివచ్చును. ఆ పని మ్యూజియముల రసాయనశాలలయందు నేర్పరులు చేయవలసినది. మరియు 1878 నాటి నిధుల చట్టము ప్రకారము, 10 రూపాయలకు మించిన విలువగల నిధి నేలలో దొరకినపుడు కలెక్టరునకు తెలుపవలెను.

పేర్లతో తృప్తి పడక, స్థితిని అంకెలతో చెప్పు పద్ధతిని కనిపెట్టినవాడు అమెరికా దేశీయుడగు విలియం షెల్డన్. అతడు మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు. తన దేశపు పాత రాగి సెంట్లను గూర్చి 1949లో ఒక గ్రంథము ప్రకటించి, అందు 1 మొదలు 70 వరకు గల కొలతను ఏర్పరచెను. 1 అనగా ఏ నాణెమో పోల్చుకొనగలిగినంత మాత్రము మిగిలినది. 70 అనగా ఏ లోపము లేనిది. 70 గల నాణెమునకు 1 గల నాణెముకంటె డెబ్బది రెట్లు వెల యుండవలెనని అతని యూహ. వెలల లెక్క నిలువలేదు గాని, అంకెలు నిలిచినవి. నేడు 'గుడ్' అనిన 4, 'ఫైన్' అనిన 12, 'ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్' అనిన 40 మొదలు. 60కి పైబడినవి చెలామణి యెరుగనివి.

ఇట్టి కొలతను లోకమున కిచ్చిన మనుష్యుని చరిత్రలో విషాదకరమైన అధ్యాయ మొకటి కలదు. న్యూయార్కు నగరమున అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ అను నాణెశాస్త్ర సంస్థయొద్ద పాత సెంట్ల గొప్ప సంగ్రహ ముండెను. షెల్డన్ 1977లో మరణించెను. అటుపిమ్మట జరిగిన పరిశోధనలోను, న్యాయస్థాన విచారణలోను, అతడు ఆ సంగ్రహమునుండి నూటికి పైగా మేలైన సెంట్లను తీసికొని, వాని స్థానమున తనయొద్దనున్న తక్కువ స్థితిగల సెంట్ల నుంచెనని తేలినది. ఏ నాణెము ఎంత మేలైనదో అతనికంటె బాగుగ ఎరిగినవారు ఆ కాలమున అరుదు. ఆ యెరుకయే అతనికి ఏ నాణెమును తీయవలెనో, దేనిని బదులుగా ఉంచవలెనో చెప్పినది. కొలత చక్కగా నున్నది. కొలుచువాని మనస్సు వంకర పోయినది.

నాణెపు స్థితి చెప్పువానికి ఈ ప్రమాదము ప్రతిదినము కలదు. షెల్డన్ వలె దొంగిలింప నక్కరలేదు. ఒక్క మాట మార్చిన చాలును. కొనునపుడు 'అరిగినది సుమా' యనుటయు, ఆ నాణెమునే అమ్మునపుడు 'ఎంత స్పష్టముగా నున్నదో చూడుడు' అనుటయు అంగడిలో తరచుగా వినవచ్చును. నాణెము మారలేదు, అది ఎవరి చేతనున్నది అనునదే మారినది. ఎదుటివానికి ఈ విద్య తెలియనిచో ఆ ఒక్క మాట వలన అతని సొత్తు పోవును. తనకు నష్టమైనదని కూడ అతడెరుగడు.

తెలుగునాట ఒక చిన్న పట్టణమున నాణెములు సేకరించు పెద్దమనిషి యొకడుండెడివాడు. అతనికి ఒక నియమము కలదు. ఎవరు నాణెము తెచ్చి చూపినను, వెల మాట రాకముందే దాని స్థితిని ఒక పుస్తకమున వ్రాసి, ఆ పంక్తిని తెచ్చినవారికి చదివి వినిపించును. ఒకనాడు ఒక ముసలమ్మ చీరచెంగున ఆరు రూపాయలు ముడివేసికొని వచ్చెను.

"అయ్యగారూ, ఇవి మా అత్తగారివి. వెండి తూకమునకు కొందునని అంగడిలో చెప్పినారు. మనుమరాలి చదువునకు జీతము కట్టవలెను. మీరొకసారి చూచి చెప్పుడు" అనెను.

అయిదు రూపాయలు తళతళ మెరయుచుండెను. ఆరవది మాత్రము నల్లగా నుండెను. దానికై ఆమె సిగ్గుపడుచు, "ఏటేట వరలక్ష్మీవ్రతమునకు అన్నిటిని చింతపండుతో తోముచునే యుందును. ఇది పెట్టె అడుగున పట్టుపీలికలో చుట్టియుండి ఇన్నాళ్ళు కంటబడలేదు" అని చెప్పెను.

పెద్దమనిషి ఆ నల్లని రూపాయిని అందుకొని దీపము ముందు వంచెను. నలుపు క్రిందినుండి నిగ్గు లేచి చక్రమువలె తిరిగినది. అది 1911 నాటి రూపాయి. ఎన్నియో యేండ్లుగా అతడు వెదకుచున్నట్టిది. 'నల్లబడినది, తూకమునకే యిమ్ము' అని యతడనినచో ఆమె నమ్మి యిచ్చి, నమస్కరించి పోయెడిది. అతడు భూతద్దము తీసికొని చాలసేపు చూచెను. ఏనుగు వీపుపై ఆవగింజంత చోట రాపిడి యున్నది. పుస్తకమున వ్రాసి చదివెను.

"అమ్మా, ఇది మిక్కిలి మేలైన స్థితిలో నున్నది. ఒక్కచోట కొలది రాపిడి కలదు గనుక అన్నింటికంటె పై మెట్టు దీనికి రాదు. అయినను దీని వెల వెండి వెలకు ఎన్నియో రెట్లుండును. నేను ఇవ్వగలిగినది తక్కువ. మరి యిద్దరికి చూపి, ఎక్కువ ఇచ్చినవారికి ఇమ్ము. దీనిని మాత్రము తోమవద్దు" అనెను.

"మరి ఇవి?" అని ఆమె మెరయుచున్న అయిదింటిని ముందునకు జరిపెను.

అతడు వెంటనే బదులు చెప్పలేదు. ఒక్కొక్క రూపాయిని త్రిప్పి చూచెను. రెండు బాగుగ అరిగినవి. మూడింటియందు బొమ్మ చక్కగా నున్నది గాని, గీతలతో నిండి నిగ్గు పూర్తిగా పోయినది. "ఈ మూడును తోమకున్నచో మంచి వెల పలికెడివి. ఇప్పుడు సేకర్తలు వీనిని కోరరు" అని చెప్పెను.

ఆమె కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, "అమ్మవారి యెదుట నల్లని రూపాయి ఎట్లు పెట్టుదును?" అనెను.

"పెట్టరాదు, తల్లీ. పూజకు తోముట తప్పు కాదు. సేకర్త పుస్తకములో అవి తక్కువవి. నీ యింట తక్కువవి కావు. ఆ యైదింటిని అమ్మక పూజకే యుంచుకొనుము" అని అతడు బదులు చెప్పెను.

ఆమె అట్లే చేసెను. నల్లని రూపాయి వేరొక పట్టణమున మరియొక సేకర్తకు మంచి వెలకు చేరినది. మనుమరాలి జీతము కట్టుట జరిగినది. ఆ రూపాయి ఈ పెద్దమనిషి పెట్టెలోనికి రానే లేదు. అతని పుస్తకములో దానిని గూర్చి వ్రాసిన ఒక్క పంక్తి మాత్రము మిగిలినది.

అట్టి మనుష్యులు ఎల్లచోట్ల దొరకరు గనుకనే సేకర్తలు కొన్ని కట్టుబాట్లను ఏర్పరచుకొనిరి. 1980ల దశకమునుండి అమెరికాలో స్థితి నిర్ణయమే వృత్తిగా గల సంస్థలు వెలసినవి. అచ్చట ఒకే నాణెమును ఒకరికంటె ఎక్కువమంది వేరువేరుగా చూచి అంకె చెప్పుదురు. నాణెము ఎవరిదో చూచువారికి తెలియనీయరు. తరువాత దానిని పారదర్శకమైన పెట్టెలో ముద్రవేసి యిత్తురు. నేడు మన దేశపు సేకర్తలును తమ నాణెములను అట్టి పరీక్షకు పంపుచున్నారు. ఇంత యేర్పాటు చేసినను నిర్ణయము అభిప్రాయమే కాని తూకమువలె తిరుగులేనిది కాదు. నేర్పరులిద్దరు ఒకే రూపాయికి వేరు మెట్లు చెప్పుట కలదు. అది దోషము కాదు. తనకు లాభము వచ్చువైపునకే ఎల్లప్పుడు మొగ్గుట దోషము.

ఈ విద్యను నేర్చుటకు వెండి రూపాయలు లేకున్నను కొదువ లేదు. ఇంటనున్న చిల్లరలో ఒకే విలువగల ఉక్కు నాణెములను పదింటిని ఏరుకొనవచ్చును. వానిని గుడ్డపై పరచి, ఒక్క దీపము వెలుగున, మిక్కిలి అరిగినదానినుండి మిక్కిలి క్రొత్తదాని వరకు వరుసగా పేర్చవలెను. నాణెముపై నున్న యేటిని మొదట చూడరాదు. అది చూచినచో కన్ను పాతదానిని అరిగినదిగా, క్రొత్తదానిని మంచిదిగా ఊహించుకొనును. పేర్చిన పిమ్మట ఒక్కొక్కదాని స్థితిని కాగితముపై వ్రాసి, ఆ వ్రాతను మడచిపెట్టి, ఆ నాణెములనే ఒక మిత్రునిచేత వేరుగా పేర్పింపవలెను. అటుపిమ్మట రెండు వరుసలను సరిపోల్చవలెను. భేదము వచ్చినచోట ఇద్దరును మరల దీపము ముందు కూర్చుండి ఆ నాణెమును చూతురు గాక. వారి వాదము తేలువరకు ఆ నాణెము ఎవరిదను ప్రశ్న రాకుండుటయే మేలు.